పల్లి చేను కావలిల విన్న నలుగురి వాయింపు

పోయిన వారం గులాబీ రంగు పురుగు గురించి రాస్తే మస్తుమంది ఫోన్లు చేసిన్రు. కొందరికి ఇంకా జవాబు చెప్పలే, ఏమనుకోకున్రి. ఇయ్యాల పురుగు ముచ్చట కాదు, మందు ముచ్చట కాదు. సంగీతం ముచ్చట. పాట అని కూడా అనరాదు, మాటలు లేని వాయింపు. చదవబుద్ధి గాకపోతే ఇక్కడ్నే ఆపున్రి, నాకేం కోపం లేదు.

నెల రోజుల సంది పల్లి చేనుకు రాత్రి కావలి పోతున్న. అడవి పందులు. పోయినేడు ఒక్క రాత్రిల నాలుగు సాళ్ళు దున్నినట్టే తవ్విపోయినయి. మంచె మీద ఊకె కూసుంటే నిద్ర పడ్తది. అందుకని ఫోను, చిన్న స్పీకరు వెంట పెట్టుకుంటున్న. మొదట్ల కుక్కల మొరుగుడు, పులి గాండ్రింపు ఉన్న రికార్డు వేసేది. ఆరు గంటల రికార్డు అది, మా కొడుకు ఎక్కడినుంచో దించి పెట్టిండు. రెండు రాత్రులు పందులు భయపడ్డయి. మూడో రాత్రి పులి అరుస్తుంటేనే నిమ్మళంగ పల్లికాయ తిన్నయి. అప్పటిసంది పందుల కోసం వేసుడు బంద్ చేసి నా కోసం వేసుకుంటున్న. పందులొస్తే కట్టె పట్టుకొని దిగుడే.

మీల చాలామందికి తెల్వదు, నేను ఎవుసంలకు రాకముందు ఆరేండ్లు కోఠిల ఒక క్యాసెట్ల దుకాణంల పనిచేసిన. అమ్మేదంతా సినిమా పాటలు, గజళ్ళు, భజనలు. ఒక రిటైరైన సారు మాత్రం నెలకోపాలి వచ్చి దేశంగాని దేశపు సంగీతం తెప్పియ్యమనేటోడు. అది గూడ పేరు మోసినోళ్ళది కాదు. మొజార్టు, బీథోవెను అందరికి దొరుకుతరు, దొరకనోళ్ళను తెప్పియ్యి అనేటోడు. సీడీ వచ్చినంక గీతలు పడ్డయేమో అని దుకాణంల వేసి చూసి ఇచ్చేది నా పని. అట్ల వినుకుంట వినుకుంట చెవికి పట్టింది. నాయిన పోయినంక ఊరికొచ్చిన, దుకాణం మరిచిన, చెవి మాత్రం మరవలే. ఆ దుకాణం టేపు రికార్డరు ఒకసారి ఊరికి తెచ్చి మా అమ్మ పాట పట్టిన, ఆ ముచ్చట తర్వాత చెప్త.

ఇంగ్లీషోళ్ళు దీన్ని చేంబర్ మ్యూజిక్ అంటరు. గదిల కూసొని వాయించేది అని అర్థం. వంద మంది ఆర్కెస్ట్రా ఉండదు, ముంగట నిలబడి కట్టె ఊపే మనిషి ఉండడు. ఎక్కువగ నలుగురు ఉంటరు, రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. వయోలా అంటే వయొలిన్‌కు అక్క, గొంతు జర బొంగురు. చెల్లో మోకాళ్ళ మధ్యల పెట్టుకొని వాయించే పెద్దది. మేస్త్రి లేని పని అన్నట్టు. బదులు కైకిలికి నలుగురం నాటుకు పోతే ఎవలు ముందుకు పోతున్రు, ఎవలు ఎనకబడ్డరు అని ఓరకంట చూసుకుంట చెయ్యి ఆడిస్తం సూడు, గట్ల. ఒకలు తొందరపడితే నలుగురి సాలు వంకర పోతది.

మొదలు కొత్త కాలపు దాని గురించి చెప్త, ఎందుకంటే అది మన నల్గొండోళ్ళ పండు మీద ఉన్నది. కెరోలైన్ షా అని అమెరికాల ఒకామె ఉన్నది. ఆమె గూడ వయొలిన్ వాయిస్తది, పాడ్తది. 2013ల ముప్పై ఏండ్లకే ఆమెకు పులిట్జర్ బహుమానం వచ్చింది, సంగీతంల అంత చిన్న వయసుల తీసుకున్నోళ్ళు అంతకుముందు లేరు. ఆమె రాసిన నలుగురి వాయింపులు కొన్ని అటాకా క్వార్టెట్ అనే బృందం 'ఆరెంజ్' పేరు మీద 2019ల రికార్డు చేసింది. మరుసటేడు చిన్న బృందాల వాయింపుకు ఇచ్చే గ్రామీ దానికే వచ్చింది. అందుల 'వలెన్సియా' అని ఒకటి, వలెన్సియా నారింజ మీద రాసింది. పండు మీద సంగీతమేంది అని నేను గూడ నవ్విన. మూడెకరాల బత్తాయి పెట్టి తెగులుకు సగం చెట్లు పోగొట్టుకున్నోణ్ణి, నాకు పండు అంటే టన్ను రేటే గుర్తుకొస్తది. కాని విన్నంక ఒప్పుకున్న. తీగను గట్టిగ ఒత్తకుండ ఉత్తగ తాకిచ్చి తీసే సన్నటి ఈల శబ్దం ఉంటది సూడు, దానితోటి పని నడిపింది ఆమె. తొక్క ఒలిచేటప్పుడు కండ్లల్ల చిమ్మే సన్నటి తుంపర లెక్క. ఎనకనుంచి వయోలా, చెల్లో లావుగ వస్తయి, అది రసం.

అదే రికార్డుల వాషింగ్టన్ల ఉన్న డంబార్టన్ ఓక్స్ తోట మీద ఐదు ముక్కలున్నయి. ఆ తోటల ఆమె కొంత కాలం ఉండి రాసింది. ఒక ముక్క పేరు, కోసుకునే పూల మడి. అందుల మొజార్టు రాసిన దాంట్లకెల్లి ఒక కొమ్మ, రావెల్ అనే ఫ్రెంచాయన రాసిన దాంట్లకెల్లి ఒక కొమ్మ, తను రాసుకున్నయే కొన్ని తెంపి గుత్తి కట్టింది. దొంగతనం కాదు, తోట పేరే కోసుకునే పూల మడి. గ్రామీ ఇచ్చినోళ్ళు తప్పు చెయ్యలే. ఈ రికార్డు గురించి ఇంతే చెప్త, ఎందుకంటే దీనికి పేరు వచ్చింది, పైసలు వచ్చినయి, దీనికి నా సాయం అక్కర లేదు.

నన్ను నాలుగు రాత్రులు నిద్ర పోనియ్యనిది ఇంకొకటి.

ఫ్లోరెన్స్ ప్రైస్. 1887ల అమెరికాల ఆర్కన్సా రాష్ట్రం లిటిల్ రాక్ ఊర్ల పుట్టింది. నల్లజాతి మనిషి. నాయిన పండ్ల డాక్టరు, తల్లి సంగీతం టీచరు. బోస్టన్ల పెద్ద సంగీతం బడిల చదివింది. ఆర్కన్సాల నల్లోళ్ళను గుంపులు కూడి చంపుతుంటే 1927ల పిల్లలతోటి షికాగోకు పోయిన్రు. మొగనితోటి విడిపోయింది. మాటలు లేని సినిమాలకు హాల్ల ఆర్గన్ వాయించి ఇల్లు నడిపింది. అట్లాంటామె రాసిన సింఫనీని 1933ల షికాగో ఆర్కెస్ట్రా వాయించింది. అంత పెద్ద ఆర్కెస్ట్రా ఒక నల్లజాతి ఆడామె సంగీతం వాయించుడు ఆ దేశంల అదే మొదలు. ఆ తర్వాత మెల్లగ మరిచిపోయిన్రు. 1953ల పోయింది.

2009ల ఏమైందంటే, షికాగోకు దక్షిణాన సెయింట్ ఆన్ అనే చిన్న ఊర్ల పాడుబడ్డ ఇల్లు ఒకటి ఎవలో కొన్నరు, బాగు చేయించుకుందామని. చెట్టు పడి కప్పు పగిలి ఉన్నది, లోపట దొంగలు అంతా చిందరవందర చేసి పోయిన్రు. తడువని ఒక మూలకు కాయితాల కుప్పలు. అన్నిటి మీద ఒకటే పేరు. ఆ ఇల్లు ఫ్లోరెన్స్ ప్రైస్ ఎండకాలం ఉండే ఇల్లు. రెండు వయొలిన్ కచేరీలు, ఒక సింఫనీ, ఇంకా ఎన్నో, ఆ కుప్పల్ల ఉన్నయి. చెట్టు ఇంకో దిక్కు పడి ఉంటే? కొన్నోళ్ళు చెత్త అని కాలబెట్టి ఉంటే? మనం ఎన్ని ఇండ్లు సాఫ్ చెయ్యలే, ఎన్ని కాయితాలు పొయ్యిల పెట్టలే.

కాటలిస్ట్ క్వార్టెట్ అనే నలుగురు 'అన్‌కవర్డ్' పేరు మీద వరుసగ రికార్డులు తెస్తున్నరు, అంటే మూత తీసినయి అన్నట్టు. 2021ల వచ్చిన మొదటి దాంట్ల శామ్యూల్ కోల్‌రిడ్జ్ టేలర్. ఇంగ్లండాయన, నాయిన సియెర్రా లియోన్ దేశస్తుడు, 37 ఏండ్లకే న్యుమోనియాతోటి పోయిండు. ఇరవై ఏండ్లు నిండని పిలగాడు క్లారినెట్ పెట్టి అంత పక్వంగ ఎట్ల రాసిండో తెల్వదు. 2022ల వచ్చిన రెండోది మొత్తం ఫ్లోరెన్స్ ప్రైస్‌దే. మిషెల్ కాన్ అనే ఆమె పియానో వాయించింది.

ఇగ నా అసలు ముచ్చట. ఇట్లాంటి రికార్డుల మీద సమీక్షలు ఫోన్ల దొరికితే చదువుత. నాకు కోపమొస్తది. పొగుడుతరు, నిజమే. కాని ఏం పొగుడుతరు? పది లైన్లు పాడుబడ్డ ఇల్లు, పది లైన్లు ఆమె పడ్డ కష్టం, ఆఖరుకు ఒక లైను సంగీతం బాగున్నది అని. దొరికింది కాబట్టి గొప్పది, మరిచిపోయినం కాబట్టి గొప్పది అన్నట్టు. నేను గూడ పైన అదే చేసిన సూడున్రి, ఇల్లు ముచ్చట ముందు చెప్పిన. నోరూరిచ్చేది అదే మరి.

ఇది మనకు తెలిసిన రోగమే. దేశీ విత్తనం అని తెస్తరు, తాతల కాలందని దండం పెడ్తరు. తాతల కాలంది కాబట్టి బాగుంటదా? కొన్ని బాగుంటయి, కొన్ని తాతలే ఇడిసిపెట్టిన్రు, కారణం ఉండే ఇడిసిపెట్టిన్రు. చేన్ల పెట్టి చూడాలె. గింజ నిండిందా లేదా, గాలికి పడ్డదా లేదా, వండితే నోటికి ఎట్లున్నది. జాలితోటి పండించిన వడ్లు రెండో ఏడు ఎవడు పెట్టడు.

ఈ మాట ఫ్లోరెన్స్ ప్రైసే అడిగింది అని తెలిసినంక నాకు ఒళ్ళు జలదరించింది. 1943ల బోస్టన్ ఆర్కెస్ట్రా పెద్ద కౌసెవిట్‌స్కీకి ఆమె జాబు రాసింది. నాకు రెండు అడ్డాలున్నయి, ఆడదాన్ని, నల్లదాన్ని అని మొదలుపెట్టి, జాతి పేరు మీద మాఫీ ఏం వద్దు, నా పని చూసి దాని విలువ మీదనే తీర్పు చెప్పు అన్నట్టు రాసింది. ఆయన ఆమె సంగీతం వాయించలే. ఇప్పుడు వాయిస్తున్నరు, పొగుడుతున్నరు, కాని ఆమె వద్దన్న మాఫీనే ఇస్తున్నరు.

అందుకని చేన్ల పెట్టి చూసిన తీరు చెప్త, మంచె మీద ఒక్కొక్కటి నాలుగైదు సార్లు విని.

1935ల రాసిన రెండో క్వార్టెట్, ఇది నిండు గింజ. నాలుగు భాగాలు. మొదటిది మబ్బు పట్టిన పొద్దు లెక్క మొదలైతది, ఎటు పోతదో తెల్వదు, రాగం నిలబడ్డట్టే నిలబడి జారుతది. రెండోది నిమ్మళం. గుడిల ఆడోళ్ళు మెల్లగ పాడుకుంటున్నట్టు ఉంటది, నడుమ ఒక చోట చీకటి కమ్ముతది, మళ్ళ తేటపడ్తది. మూడోది జూబా, దాని గురించి కిందికి చెప్త. నాలుగోది ఉరుకుడు, నాకు అంతగ గుర్తు ఉండది. జానపద పాటలను తీసుకొని నలుగురికి పంచిన ఐదు ముక్కలున్నయి. అందుల సిలువ మీద పాట చాన గట్టిది. ఇంగ్లీషు పాట ఒకటి, క్లెమెంటైన్ ఒకటి మాత్రం చదువుకున్నోళ్ళ ఇంట్ల చాయ్ తాగుకుంట వినే తీరుగ ఉన్నయి, తియ్యగ. జీ మేజర్ క్వార్టెట్ రెండు భాగాలే. మిగిలింది లేదు. వింటుంటే ఒక్కసారి కాల్వ తెగినట్టు ఆగుతది. తాలు అనను, సగం కంకి అంట.

వాయించినోళ్ళది గూడ చెప్పాలె కదా. ఈ నలుగురు మ్యూజియంల వస్తువును దుమ్ము దులిపి చూపిస్తున్నట్టు వాయించరు. జూబాల ఉరకరు, దాన్నే నేను ఎక్కువ మెచ్చిన. హుషారు దొరికినప్పుడు ఉరుకుడు సులువు. వీళ్ళు తాళాన్ని జర ఎనక్కి పట్టి ఉంచుతరు.

జూబా అంటే మనకు సంబంధం ఉన్న ముచ్చట. అమెరికా పత్తి చేన్లల్ల ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు పని చేసేటోళ్ళు. సౌత్ కరోలినాల 1739ల వాళ్ళు డప్పులు కొట్టుకుంట తిరగబడ్డరు. మరుసటేడే డప్పులు కొట్టొద్దని చట్టం చేసిన్రు. డప్పు లేకపోతే ఏముంది, పెయ్యి ఉన్నది. అరచేతులు, తొడలు, ఛాతీ, వీటినే వాయించుకున్నరు, కాళ్ళతోటి ఆడిన్రు. అదే జూబా. సాలమన్ నార్తప్ అని వయొలిన్ వాయించే ఒక స్వేచ్ఛా మనిషిని 1841ల మోసంతోటి పట్టి అమ్మిన్రు. పన్నెండేండ్లు లూజియానాల బానిసగ ఉండి బయటపడి 1853ల పుస్తకం రాసిండు. ఈ తాళం ముచ్చట అందుల ఉన్నది. అందుల్నే ఇంకో లెక్క ఉన్నది. మామూలు మనిషి రోజుకు 200 పౌండ్ల పత్తి ఏరాలె. మన లెక్కల 90 కిలోలు. తూకం తక్కువైతే కొరడా. మా చేన్ల చెయ్యి తిరిగిన మనిషి పొద్దుమూకె దాకా ఏరితే యాభై కిలోలు, మంచిగ పలిగిన చేనైతే అరవై. తొంభై అంటే వేళ్ళ సందుల పొలుసులు గుచ్చుకొని నెత్తురు కారుతుంటే ఆగకుండ ఏరాలె. ఆ మనుషులు రాత్రి పూట తొడలు కొట్టుకుంట ఆడిన్రు.

పండ్ల డాక్టరు బిడ్డ పత్తి ఏరి ఉండదు. కాని ఆ తాళాన్ని నాలుగు తీగల వాద్యాలకు ఎక్కించింది. సింఫనీల గూడ పెట్టింది. యూరపోళ్ళు ఆ జాగల తమ దేశపు ఆటను పెట్టుకునేటోళ్ళు, ఈమె జూబాను కూసోబెట్టింది.

పోయిన బేస్తారం రెండో ఏరుడుకు కైకిలోళ్ళు వచ్చిన్రు. బువ్వ తినేటప్పుడు గెట్టు మీద స్పీకరు పెట్టి జూబా వేసిన. వయసు పిల్లలు నవ్విన్రు. మా వాడకట్టు చిన్నమ్మ ఒకామె ఉన్నది, డెబ్బై దాటినయి, ఇప్పటికీ ఏరుడుకు వస్తది. మా అమ్మ జోడిది. ఎక్కడిది, ఎవలు రాసిన్రు అని నేనేం చెప్పలే. మొత్తం విన్నది. విని ఏమన్నదంటే, "ఇది పని పాట కాదు బిడ్డా, పని ఇడిసినంక పాట. దీనికి ఏరితే చేతికి కాయ వస్తది గాని పత్తి రాదు."

నేను చేతిల ముద్ద అట్లనే పట్టుకొని కూసున్న. ఏ సమీక్షల చదువలే ఈ ముక్క. జూబా నిజంగ పని అయిపోయినంక ఆడేదే.

రెండో భాగం, నిమ్మళం దాన్ని వేసిన. జరసేపు విన్నది. "దీనికి ఏరొచ్చు. కాని నడుమ గెందుకు ఏడ్చింది?" అన్నది. చీకటి కమ్మే చోటు అన్న కదా, అక్కడ. ఏం చెప్పాల్నో తెలువక ఆమె బతుకుల ఏదో అయ్యుంటది చిన్నమ్మా అన్న. "ఎవలకు కాలే," అని చెయ్యి కడుగుకున్నది.

ఇగ మా అమ్మ క్యాసెట్టు. 1998ల దుకాణం టేపు రికార్డరు రెండు రోజులకు అడుక్కొని తెచ్చి పత్తి చేన్ల అమ్మతోటి పాడిచ్చిన. అరవై నిమిషాల క్యాసెట్టు. అమ్మ ఎత్తుకునుడు, చిన్నమ్మ, ఇంకిద్దరు అందుకునుడు. తర్వాత దాన్ని గూన పెంకుల ఇంట్ల అటుక మీద సందూకల పెట్టిన. ఇల్లు ఉరిసింది. ఒక దిక్కు మా మేనల్లుడు తెల్వక సినిమా పాటలు ఎక్కిచ్చిండు, ఇంకో దిక్కు బూజు పట్టింది. దుకాణంల వేల క్యాసెట్లు గీత పడకుండ కాపాడినోణ్ణి, ఇంటిది ఒక్కటి కాపాడలే. అమ్మ పోయి ఏడేండ్లు. అప్పుడు తీసి చూస్తే టేపు అంటుకపోయి ఉన్నది, మళ్ళ సందూకలనే పెట్టిన, పారెయ్య చేతులు రాలే.

సెయింట్ ఆన్ ఇల్లు ముచ్చట చదివినంక హైదరాబాద్ల నాతోటి దుకాణంల పనిచేసిన దోస్తుకు పంపిన. టేపు విప్పి, దూది పెట్టి తుడిచి, ఏదో చేసిండు. పదకొండు నిమిషాలు వచ్చినయి. అందుల రెండు నిమిషాలు నేను గట్టిగ పాడున్రి గట్టిగ పాడున్రి అని అరుసుడే. ఒక పాట మొదలుంది, కొస లేదు. ఇంకో పాట నడుమ ఉన్నది.

మొన్న పొద్దుమూకినంక చిన్నమ్మ ఇంటికి పోయి వినిపిచ్చిన. ఏడుస్తదనుకున్న, నేనే ఏడుస్తనేమో అని గూడ భయపడ్డ. అన్న చెల్లెను తోలుకపోవటానికి బండి కట్టుకొని వచ్చే పాట అది. చెవి దగ్గర పెట్టుకొని విన్నది. మళ్ళ వెయ్యిమన్నది. మూడోపాలి విన్నంక, "మీ అమ్మ తప్పు పాడింది," అన్నది.

ఏం తప్పు చిన్నమ్మా?

"బండికి తెల్ల ఎడ్లను కట్టింది. పాటల ఎర్ర ఎడ్లు. ఎర్రయి ఎందుకంటే ముందల చరణంల వాటిని అమ్ముడు ఉన్నది, తెల్లయైతే ఆ చరణం కలవది. అప్పుడే చెప్పిన, వినకపాయె. మీ అమ్మకు తెల్ల ఎడ్లంటే పాణం." అని గా చరణం తనే ఎత్తుకున్నది, మెల్లగ, ఏరుడు తాళంల. రెండు లైన్లకు దగ్గు వచ్చి ఆగింది. నా ఫోను ఆమె చేతిలనే ఉన్నది, పట్టుకోలేకపోయిన.

సోమారం పొద్దుగాల రమ్మన్నది, చాయ్ తాగినంక గొంతు మంచిగ ఉంటదట. మొత్తం పాడ్తనన్నది, ఎర్ర ఎడ్లతోటి. ఫోన్ల జాగ లేదు, ఏదన్న తీసెయ్యి అంటుండు మా కొడుకు. పులి గాండ్రింపు తీసేసిన.